వంకర పబ్బు, తిన్నని గీతలు

ముప్పై ఏళ్ళు నిండకుండానే ఉద్యోగ జ్ఞాపకాలు రాయడం కొంచెం అతిగా ఉంటుందని నాకూ తెలుసు. ఇలాంటివి రాసేవాళ్ళు మామూలుగా పింఛను తీసుకుంటూ, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ, "మా రోజుల్లో" అని మొదలుపెడతారు. నాకు పింఛను లేదు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. అయితే నాలుగేళ్ళు పనిచేయించుకున్న కంపెనీ నన్ను 'పునర్వ్యవస్థీకరణ' అనే మర్యాదస్తుల మాటతో ఇంటికి పంపింది కాబట్టి, ఆ ఉద్యోగానికి సంబంధించినంతవరకు నేను రిటైరైనదాన్నే. డ్రాఫ్టింగు నేర్చుకుని ఎక్కడెక్కడికో వెళ్ళబోయే అమ్మాయిలు ఇది చదివితే జీవితంలో ఒక తప్పు తక్కువ చేస్తారని ఆశ. మిగతావి ఎలాగూ చేస్తారు.

మా అమ్మ రియాద్‌లో నర్సు. మలాజ్ పేటలో రెండు గదుల ఇల్లు. కాకినాడలో సివిల్ డిప్లొమా ముగించి అమ్మ దగ్గరికి వచ్చిన నాకు, నగరం శివారు సులైలో ఉన్న, హోటళ్ళకు లోపలి అలంకరణ చేసే ఒక కంపెనీలో డ్రాయింగులు గీసే పని దొరికింది. అక్కడ ఉండటానికి ఇచ్చే ఇకామా కార్డులో మాత్రం నా వృత్తి 'సెక్రటరీ'. ఇందులో వింతేమీ లేదు. మా వర్క్‌షాపులో అందరికన్నా పెద్ద వడ్రంగి ఇకామాలో 'ప్లంబర్' అని ఉండేది. ఆయన జన్మలో పైపు ముట్టుకోలేదు.

నాకు మాట్లాడటం రాదని ఇంటర్వ్యూలోనే బయటపడింది. అదే నా అర్హత అయింది. "నోరు లేని డ్రాఫ్ట్స్‌మన్ దొరకడం అదృష్టం" అని మేనేజరు సంతోషపడ్డాడు. ఆయన అరబ్బు ఇంజనీరు. అందరూ 'ముహందిస్' అనేవాళ్ళు. ఆయనకు నోరు ఉండటమే కాదు, మా అందరి కోటా కూడా ఆయన దగ్గరే ఉండేది.

ఆ రోజుల్లో రియాద్‌లో రెస్టారెంటు తెరవనివాడంటూ లేడు. ప్రతివాడికీ ఇంకో దేశం కావాలి. పారిస్ కాఫీకొట్టు, టోక్యో నూడిల్స్ వీధి, మెక్సికో పెరడు, అన్నీ మా సులై షెడ్డులోనే తయారయ్యేవి, అన్నీ పొట్టు అదిమి చేసే ఒకే ఎండీఎఫ్ చెక్కతో. పైన వేసే రంగును బట్టి దేశం మారేది. కింద రంపాల మోత, మెట్లెక్కితే రేకు గదిలో మా ఆఫీసు. అందులో నేను, నా కంప్యూటరు, సొరుగులో నేను చదువుకునే పుస్తకాలు. వాటి అడుగున డైరీ. నేను మనుషులతో అనాల్సినవన్నీ అందులో అనేసి హాయిగా ఉండేదాన్ని.

ఒకరోజు ఒక యువ క్లయింటు వచ్చాడు. ఇంగ్లండులో చదువుకున్నాడు. అక్కడ ఒక పల్లెటూళ్ళో కొన్ని వందల ఏళ్ళ నాటి పబ్బు ఉందట. చదువుకునే రోజుల్లో చలికి వెళ్ళి అందులో కూర్చునేవాడట. ఆ కట్టడం ఉన్నదున్నట్టు తనకు రియాద్‌లో కావాలి. లోపల పుదీనా నిమ్మరసం, ఖర్జూరం పుడ్డింగు, గొర్రెమాంసం పై అమ్ముతాడు. పబ్బులో దొరకాల్సిన ఆ ఒక్కటి తప్ప అన్నీ దొరుకుతాయి. కాగితాల్లో పబ్బు అనే మాట రాకూడదు కాబట్టి 'వారసత్వ భోజనశాల' అన్నారు. తెలుగులో చెప్పాలంటే, కల్లు లేని కల్లుపాక కట్టడం మా ప్రాజెక్టు.

ముహందిస్ అలవాటు ప్రకారం ఎండీఎఫ్ నమూనాలు పరిచాడు. క్లయింటు వాటిని గోటితో తట్టి చూసి, "ఇది అట్టపెట్టె. నాకు కొయ్య కావాలి. ఓక్ కొయ్య. మేకులు వద్దు. అక్కడ ఎలా బిగించారో అలాగే బిగించాలి" అన్నాడు. అంతటితో ఆగక ఇంగ్లండులో ఒక కొలతలవాణ్ణి పెట్టి, ఆ పబ్బులో ప్రతి కొయ్యనూ కొలిపించి, వందల ఫోటోలు, కట్టలకొద్దీ డ్రాయింగులు తెప్పించి నా బల్ల మీద పెట్టించాడు.

నా ఆనందం చెప్పనలవి కాదు. చదువు పిచ్చి ఉన్నవాళ్ళకు పని కూడా చదువులాగే కనిపిస్తే ప్రమాదం. మధ్యాహ్నం భోజనం మానేసి ఆ కట్టడం గురించే చదివాను. ఆ ఇళ్ళలో గోడలు బరువు మోయవు. మోసేది కొయ్య చట్రం. నేలమీద పొడవాటి దిమ్మె పరుస్తారు. దానిలోంచి స్తంభాలు లేస్తాయి. స్తంభాల మీద దూలాలు, మూలల్లో వంపు తిరిగిన ఊతకొయ్యలు. ఒక కొయ్య కొసను నాలుకలా చెక్కి, ఇంకో కొయ్యలో తొలిచిన గాడిలోకి దూర్చి, రెండింటికీ కలిపి బెజ్జం వేసి చెక్క చీల దిగ్గొడతారు. ఇనుము ముక్క ఉండదు. మధ్య ఖాళీల్లో తడికలు అల్లి మట్టి మెత్తుతారు. పై అంతస్తు కింది అంతస్తు కన్నా మూరెడు ముందుకు, వీధి మీదికి వంగి చూస్తూ ఉంటుంది.

ఇదంతా మా పెద్ద వడ్రంగికి ఆయాసపడుతూ వివరించాను. నా జీవితంలో అంత పొడవు మాట్లాడింది అదే మొదలు. ఆయనది జగిత్యాల దగ్గరి పల్లె. అరవై దాటాయి. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన బిడ్డా అనేవాడు. అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"తడిక కట్టి మట్టి మెత్తుడా? మా ఊర్ల గొర్లకొట్టం గట్లనే కడ్తం గద బిడ్డా."

"ఇది ఇంగ్లండుది బాబాయ్. చారిత్రకం."

"మా గొర్లకొట్టం గూడ పాతదే. గని దాన్ని కొలువనీకె ఎవ్వలు రాలే."

పై అంతస్తు ముందుకు రావడం చూపిస్తే ఇంకా నవ్వాడు. "కింద జాగ సర్కారుది, పైన గాలి మనది. అంతేనా? మా తాన బాల్కనీలు పెంచుడు గూడ గిదే తెలివి. ఊకె ఇంగ్లండోళ్ళు గొప్పోళ్ళంటరు."

కానీ చట్రం బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. కాగితం మీద వేలు పెట్టి, ఏ కొయ్య ఏ గాడిలోకి పోతుందో, ఏ చీల ఏ పక్కనుంచి దిగుతుందో నిదానంగా పోల్చుకున్నాడు. గల్ఫులో ఆయనకు ముప్పై ఏళ్ళ సర్వీసు. ఆ ముప్పై ఏళ్ళూ సెంట్రింగు పలకలు, వంటింటి అరలు, సీలింగు చట్రాలు. చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చిన ఉలి పని ఇక్కడ ఎవరూ అడగలేదు.

"గిది నా చేతుల మీద నిలవెట్టి, ఒక్కసారి కండ్లార సూసుకోని ఇంటికి పోత. ఇంక సాలు బిడ్డా," అన్నాడు. "ముహందిస్‌కు చెప్పిన గూడ. గిదయినంక నాకు ఖురూజ్ కొట్టియ్యుమన్న."

ఖురూజ్ అంటే తిరిగి రాని ప్రయాణానికి వేసే ముద్ర. అది కోరి అడిగినవాణ్ణి మా షెడ్డులో నేను చూడటం అదే మొదలు.

ఇక నా ప్రతిభ. ఇంగ్లండు నుంచి వచ్చిన డ్రాయింగులను కంప్యూటర్లో మళ్ళీ గీసి, వర్క్‌షాపుకు అర్థమయ్యేలా కొలతలు వేయడం నా పని. మా సాఫ్టువేరులో ఒక మీట ఉంటుంది. అది నొక్కి ఉంచితే గీతలన్నీ నిట్టనిలువుగానో, సరిగ్గా అడ్డంగానో మాత్రమే వస్తాయి. మంచి అలవాటని కాలేజీలో మాకు నూరిపోశారు. నేను దాన్ని ఎప్పుడూ ఆపలేదు. ఇంగ్లండు కొలతల్లో మాత్రం ఒక్క స్తంభం కూడా నిటారుగా లేదు. ఒకటి అంగుళం ఇటు, ఇంకోటి రెండంగుళాలు అటు. దూలాలు ఒక పక్కకు జారినట్టు ఉన్నాయి. చూసి జాలిపడ్డాను. పాపం, కొలిచినవాడు ఎంత అజాగ్రత్త మనిషో! వాడి తప్పులన్నీ ఓపిగ్గా సరిచేశాను. పన్నెండు రోజులు పట్టింది. ప్రతి స్తంభాన్నీ సైనికుడిలా నిలబెట్టాను. అందుకు క్లయింటు నాకు మనసులో కృతజ్ఞతలు చెప్పుకుంటాడని డైరీలో రాసుకున్నాను కూడా.

అక్షరం ముక్క రానివాళ్ళు ఇలాంటి తప్పు చెయ్యలేరు. దీనికి చదువు కావాలి.

డ్రాయింగులు కిందికి వెళ్ళిన నాలుగో రోజు బాబాయ్ మెట్లెక్కి వచ్చాడు. ఒక చేతిలో నా డ్రాయింగు, ఇంకో చేతిలో ఫోటో.

"బిడ్డా, గీ ఫోటోల ఇల్లు ఒరిగున్నది. నీ గీతల తిన్నగున్నది. ఏది నమ్మాలె?"

ఫోటో చూశాను. పబ్బు నిజంగానే ఒక పక్కకు ఒరిగి, పక్కవాళ్ళ మాటలు వింటున్న ముసలమ్మలా ఉంది. కానీ నేను చదువుకున్నదాన్ని కదా.

"గీతలే నమ్మండి బాబాయ్. కెమెరా అద్దం వల్ల ఫోటోలో అలా వంగినట్టు కనిపిస్తుంది."

"అన్ని ఫోటోలల్లనా?"

"అన్నీ ఒకే కెమెరాతో తీసుంటారు."

ఆయన ఫోటో వైపు ఇంకోసారి చూశాడు. "సదువుకున్న పిల్లవు. నువ్వంటే అంతే," అని దిగిపోయాడు.

రెండు నెలలు షెడ్డులో ఉలి చప్పుడు. ఎండీఎఫ్ కోసే యంత్రాలు కొన్నాళ్ళు సిగ్గుపడి మూలకు జరిగాయి. బాబాయ్, ఆయన కింద నలుగురు. ప్రతి కొయ్యనూ చిత్రిక పట్టడం, గాడి తొలవడం, నాలుక చెక్కడం, దూర్చి చూడటం, మళ్ళీ చెక్కడం. ఫోర్‌మన్ పాకిస్తానీ పెద్దమనిషి, ఎవరినీ మెచ్చుకోని రకం. ఆయన కూడా టీ గ్లాసు పట్టుకుని నిలబడి, "చాచా, యే తో లక్డీ నహీ, ఘడీ బనా రహే హో," అన్నాడు. కొయ్యపని కాదు, గడియారం చేస్తున్నావు అని. చట్రాన్ని పెరట్లో ఒకసారి నిలబెట్టి, విప్పి, అసలు చోటికి తీసుకుపోవాలని ఏర్పాటు. నిలబెట్టిన రోజు బాబాయ్ ప్రతి స్తంభానికీ నిలువు చూడటానికి దారం కట్టిన తూకం గుండు వేలాడదీశాడు. దారానికీ కొయ్యకూ మధ్య వెంట్రుక దూరే సందు లేదు. ఆయన ఒకసారి చుట్టూ తిరిగి వచ్చి, నీడలో కూర్చుని, నీళ్ళు తాగాడు.

మర్నాడు క్లయింటు చూడటానికి వచ్చాడు. ముహందిస్ కొత్త చొక్కా వేసుకున్నాడు. నన్ను డ్రాయింగుల చుట్టతో కిందికి రమ్మన్నారు. క్లయింటు గేటు దాటగానే ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు. దగ్గరికి వెళ్ళి స్తంభం మీద చెయ్యి వేశాడు. తలుపు కంత దగ్గర నిలబడి పైకి చూశాడు.

"ఇది ఏ ఊరిది?" అన్నాడు, ఇంగ్లీషులో.

ముహందిస్ నవ్వాడు. క్లయింటు నవ్వలేదు.

"నేను మిమ్మల్ని అడిగింది ఒక ముసలమ్మను. మీరు పోలీసువాణ్ణి తెచ్చి నిలబెట్టారు. నా పబ్బు వాలి ఉంటుంది. నేల ఒక పక్కకు జారుతుంది. బల్ల మీద గ్లాసు పెడితే కదులుతుంది. అదంతా ఏది?"

ఆ క్షణంలో నాకు అర్థమైంది. కొలిచినవాడు అజాగ్రత్త మనిషి కాదు. ఆ అంగుళాలూ రెండంగుళాలే ఆ కట్టడం. నేను పన్నెండు రోజులు కష్టపడి కొన్ని వందల ఏళ్ళ వయసును తుడిచేశాను.

ముహందిస్‌కు ఏమీ అర్థం కాలేదు గానీ, అర్థం కాని చోట ఏం చెయ్యాలో ఆయనకు బాగా తెలుసు. బాబాయ్ వైపు చెయ్యి చూపించాడు.

"వీడికి చదువు రాదు సార్. డ్రాయింగు చదవలేడు. తనకు తెలిసినట్టు చేసేశాడు."

డ్రాయింగుల చుట్ట నా చేతిలోనే ఉంది. విప్పితే చాలు. కింద మూల గడిలో నా పేరు పొడి అక్షరాలు కూడా ఉన్నాయి. నేను నా బూట్ల మీది రంపపు పొట్టును పరిశీలించాను. ఎడమ బూటు మీద ఎక్కువగా ఉంది.

ఫోర్‌మన్ ఆ మాటను ఉర్దూలో బాబాయ్‌కి చెప్పాడు. సిగ్గుపడుతూ, సగం మింగి చెప్పాడు. బాబాయ్ నావైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నాకు సుఖంగా ఉండేది. నేను మాట్లాడతానేమోనని ఎదురుచూస్తున్నాడు, అంతే. తర్వాత తూకం గుండు దారాన్ని వేళ్ళకు చుట్టడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికల్లా కాగితం వచ్చింది. ఆదివారం నుంచి బురైదా. మా కంపెనీకి బురైదాలో ఖర్జూరం తోటల దగ్గర ప్యాకింగు షెడ్లు కట్టే కాంట్రాక్టు ఉండేది. నచ్చనివాళ్ళను అక్కడికి పంపి, ఎండలో పెట్టెల అడుగు పలకలకు మేకులు కొట్టించేవాళ్ళు. బురైదా మంచి ఊరేనంటారు. మా ఆఫీసులో మాత్రం అది ఊరు కాదు, శిక్ష. కాగితం చివర ఇంకో వాక్యం ఉంది: నెల తర్వాత ఖురూజ్, కారణం పనిలో అసమర్థత. ఖురూజ్ ఆయన అడిగినదే. ఎంత దయ! చట్రాన్ని వేరేవాళ్ళు విప్పి, వంచి, నిలబెడతారు. అసలు చోట అది నిలబడటం ఆయన చూడడు.

ఆ కాగితం టైపు చేసింది నేనే. ఇకామా ప్రకారం సెక్రటరీని కదా.

ఇంటికి వెళ్ళి డైరీలో నాలుగు పేజీలు రాశాను. ఎంత బాగా రాశానంటే, ముహందిస్ చదివితే ఏడ్చేవాడు. అన్యాయం, మౌనం, మనస్సాక్షి, అన్నీ ఉన్నాయి. డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ అన్నం వడ్డిస్తూ, నా మొహం చూసి కూపీ లాగింది.

"ఏమే, ఆయన నీ పేరు చెప్పాడా?"

"లేదు."

"నువ్వు చెప్పావా?"

"లేదు."

"మరి మీ ఇద్దరిలో చదువు రానిది ఎవరికంటావు?"

"అమ్మా, నాకు అందరి ముందూ మాట రాదే."

"మాట రాకపోతే రాసి చావు. వంద పుస్తకాలు చదివావు, నాలుగు ముక్కలు రాయలేవా? ఇక్కడ కాదు," అని డైరీని గరిటెతో చూపించింది. "వాళ్ళు చూసే చోట."

చెల్లెళ్ళూ, డ్రాయింగు కుడి పక్కన ఒక పట్టిక ఉంటుందని మీకు తెలుసు. ఏ మార్పు ఎప్పుడు, ఎందుకు చేశామో అందులో రాయాలి. నిజం రాయడం కోసం కనిపెట్టిన ఆ పట్టికలో ప్రపంచమంతటా ఒకటే మాట రాస్తారు: 'సాధారణ సవరణలు'. మర్నాడు నేను ఆ మీట ఆపేసి, ముందు గోడ ఒక్కటీ ఇంగ్లండు కొలతల ప్రకారం మళ్ళీ గీశాను. సాయంత్రం దాకా పట్టింది. పట్టికలో ఇలా రాశాను:

'గత ప్రతిలో స్తంభాల వాలును డ్రాఫ్టింగు చేసినామె కొలత తప్పులనుకుని తొలగించింది. వాలు గురించి వడ్రంగి ఫోటో చూపించి అడిగాడు. గీతలనే నమ్మమని ఆమె చెప్పింది. వడ్రంగి డ్రాయింగు ప్రకారమే చేశాడు. వాలు ఈ ప్రతిలో పునరుద్ధరించబడింది.'

దాన్ని క్లయింటుకు, ముహందిస్‌కు, ఫోర్‌మన్‌కు, బదిలీ కాగితాలు చూసే గుమాస్తాకు ఒకేసారి పంపాను. పంపి, ఫోను ఆపి, బాత్‌రూములోకి వెళ్ళి కూర్చున్నాను. వీరవనితల చరిత్రలో ఈ భాగం సాధారణంగా రాయరు.

తెల్లారి గురువారం. క్లయింటు నేరుగా సులైకి వచ్చాడు. నన్ను పాత డ్రాయింగుల చుట్టతో కిందికి పిలిచారు. పెరట్లో చట్రం కింద ముహందిస్, ఫోర్‌మన్, బాబాయ్. బాబాయ్ పక్కన అప్పటికే కట్టేసిన పనిముట్ల సంచి. క్లయింటు చేతిలో నా డ్రాయింగు.

"ఇది రాసింది ఎవరు?"

అరబ్బీలో అడిగాడు. వేలు నా పట్టిక మీద ఉంది. నాకు అరబ్బీలో కూరగాయల పేర్లు, అంకెలు, ఇంకొక్క మాట వచ్చు.

"అనా," అన్నాను. నేను అని. నా జీవితంలో అతి పెద్ద ఉపన్యాసం అదే.

ముహందిస్ ఇంగ్లీషులో అందుకున్నాడు. "చిన్నపిల్ల సార్. ఏదో భావావేశం. ఆ ముసలివాడి మీద జాలితో..."

క్లయింటు డ్రాయింగు కింద మూలను చూస్తున్నాడు. అక్కడ మూడు గళ్ళు ఉంటాయి. గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. మొదటి గడిలో నా పొడి అక్షరాలు. రెండో గడిలో ముహందిస్‌వి. మూడో గడిలో కూడా ముహందిస్‌వే. పాత ఫైలు మీదే దిద్దాను కాబట్టి అవి అలాగే వచ్చేశాయి. ఆయన డ్రాయింగు తెరవకుండా సంతకం చెయ్యగలడు. ఫోనులో మాట్లాడుతూ కూడా చెయ్యగలడు.

"పాత ప్రతిలో కూడా ఇవే సంతకాలున్నాయా?" క్లయింటు నన్నే అడిగాడు, ఈసారి ఇంగ్లీషులో.

చుట్ట విప్పి చూపించాను.

"ఈ మూడు గళ్ళలో వడ్రంగి ఎక్కడ?" అన్నాడాయన. ముహందిస్ జవాబు చెప్పలేదు. ఆయనకు మాట రాకపోవడం కూడా నాకు అదే మొదటి అనుభవం. ఇద్దరం సమానమయ్యామని ఒక్క నిమిషం పొంగిపోయాను.

క్లయింటు ఫోర్‌మన్ చేత బాబాయ్‌ని అడిగించాడు: దీన్ని వంచగలడా?

బాబాయ్ సంచి మీద నుంచి లేచాడు. నా కొత్త డ్రాయింగు తీసుకుని నేలమీద పరిచాడు. ఫోటోలన్నీ పక్కన పేర్చాడు. ఎండలో అందరం నిలబడి ఉన్నాం. ఆయనకు తొందర లేదు.

"పొయ్యి ఏ దిక్కున్నది బిడ్డా?"

చూపించాను.

"గదే. రాతిపొయ్యి బరువుకు ఆ దిక్కు నేల కుంగింది. దిమ్మె కుంగితె దాని మీది గుంజలు ఒరిగినయి. గుంజలు ఒరిగితె దూలం గూడ వాటెంబడే పోవాలె. ఇంగో, గీ కొయ్య పచ్చిగున్నప్పుడే కోసిన్రు. ఎండినంక మెలి తిరిగింది." తలెత్తి ఫోర్‌మన్ వైపు చూశాడు. "వంచొచ్చు. గని ఎట్ల వడితె అట్ల వంచితె తాగినోడు కట్టినట్లుంటది. ఒక్కోటి ఎంత ఒరగాల్నో లెక్కుంటది. గా లెక్క ఈ పిల్ల గీసియ్యాలె."

బాబాయ్ అదే ఉర్దూలో మళ్ళీ చెబితే, ఫోర్‌మన్ అంతా క్లయింటుకు అరబ్బీలో చెప్పాడు. తాగినవాడు కట్టినట్టు అనే ముక్కను ముందు మింగబోయి, తర్వాత చెప్పేశాడు. క్లయింటు మొదటిసారి నవ్వాడు. బురైదా కాగితం ఏమైందని ఎవరూ అడగలేదు. దాన్ని రద్దు చేస్తూ ఇంకో కాగితం టైపు చేశాను, సెక్రటరీ హోదాలో.

తర్వాతి ఆరు వారాలు నిటారుగా ఉన్నదాన్ని వంచడం ఎంత కష్టమో నేర్చుకున్నాను. గట్టిగా నెడితే వంగేది కాదు అది. ప్రతి నాలుక మొదట్లో ఎదుటి కొయ్యకు ఆనే అంచును ఏటవాలుగా మళ్ళీ చెక్కాలి. కొన్ని కొయ్యలకు పొడవు చాలలేదు, కొత్తవి తెప్పించారు. బాబాయ్ అదే తూకం గుండు వేలాడదీసి, దారం నుంచి కొయ్య ఎంత దూరం ఉండాలో నన్ను అడిగి, అంత దూరం జరిపేవాడు. "నలభై ఏండ్ల సంది తిన్నగ నిలవెట్టుడు నేర్సుకున్న. గిప్పుడు ఒరగవెట్టుడు నేర్పుతున్నవు," అనేవాడు. హాస్యానికే అనేవాడు. కొన్నిసార్లు కాదు. తాను వెంట్రుక సందు లేకుండా బిగించిన అతుకును రంపంతో కోసే ముందు, అరచేత్తో ఒకసారి నిమిరేవాడు. అప్పుడు నేను కొలతల టేపు వైపు చూసేదాన్ని.

కట్టడం అసలు చోట నిలబడింది. తడికలు అల్లారు, మట్టి మెత్తారు, సున్నం కొట్టారు. గొర్రెలకొట్టానికి ఇంత గౌరవం దక్కడం చూసి బాబాయ్ ముచ్చటపడ్డాడు. చివరి తనిఖీకి బయటినుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నిష్ఠగల మనిషి. ప్రతి స్తంభానికీ రసమట్టం ఆనించి, తల అడ్డంగా ఊపి, పుస్తకంలో రాసుకున్నాడు. నివేదిక నా బల్ల మీదికి వచ్చింది: 'స్తంభాలన్నీ నిటారుగా లేవు. సరిచేయవలెను.' చదివి బల్ల మీద తల పెట్టుకుని నవ్వాను, ఏడ్చాను, ఏది ముందో గుర్తులేదు. క్లయింటు స్వయంగా వెళ్ళి, నా కట్టడం వంకరగానే ఉండాలి అని సంతకం చేసి ఇస్తే గానీ అనుమతి రాలేదు. ముహందిస్ మాత్రం కంపెనీ కొత్త బ్రోచరులో ఆ పబ్బు ఫోటో వేయించి, కింద 'నియంత్రిత వాలు మా ప్రత్యేకత' అని రాయించాడు. ఆ బ్రోచరులో అక్షరదోషాలు దిద్దినది కూడా నేనే. అదయ్యాక నెలకు నన్ను పునర్వ్యవస్థీకరించారు.

దానికి ముందే బాబాయ్ ప్రయాణం వచ్చింది. ఈసారి ఖురూజ్ కాగితంలో కారణం గడి ఖాళీగా వదిలేశారు. ఆ ఉదయం ఆయన మెట్లెక్కి ఆఫీసుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి. టీ తెప్పించాను. ఆరు వారాలు పక్కపక్కన పనిచేశాం గానీ ఆ ఒక్క మాట నేను అనలేదు. డ్రాయింగు మీద రాశాను కదా, సరిపోతుందిలే అనుకున్నాను. కాగితం మీద ధైర్యం చూపేవాళ్ళకు ఇదో వెసులుబాటు.

"బాబాయ్," అన్నాను. "ఆ రోజు అందరి ముందూ నేను మాట్లాడాల్సింది."

పర్లేదు బిడ్డా అంటాడనుకున్నాను. పెద్దవాళ్ళు అలాగే అంటారు. నేను చదివిన కథలన్నిటిలో అలాగే అన్నారు.

"ఔ," అన్నాడాయన. "మాట్లాడాల్సింది."

ఇద్దరం టీ తాగాం. గ్లాసు కింద పెట్టి, చుట్టూ చూసి, కొంచెం మొహమాటంగా అడిగాడు.

"బిడ్డా, నువ్వు ముందుగాల గీసినవు సూడు, తిన్నగ. గా కాయిదం ఉన్నదా?"

"ఉంది బాబాయ్. అది తప్పుడు డ్రాయింగు కదా. ఎందుకు?"

"నీ గీత తప్పయితె అయ్యింది. గని నేను చేసింది గట్లనే చేసిన. గా చట్రం ఒక్కదినం నిలవడ్డది. దాన్ని నా చేతుల్తోని నేనే కోసిన. ఇప్పుడు ఆడున్నది ఆ పిలగాని పబ్బు. నాది యాడ లేదు. ఇంట్ల సూపెడ్తందుకు గా కాయిదమన్న ఇయ్యి."

డ్రాయింగులు అచ్చువేసే ప్లాటరు దగ్గరికి వెళ్ళి, ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద కాగితం పెట్టాను. పాత ప్రతి తెరిచాను. స్తంభాలు ఒక్కొక్కటే నిటారుగా, నిట్టనిలువుగా కాగితం మీదికి దిగడం ఇద్దరం నిలబడి చూశాం. మార్చేసిన పాత డ్రాయింగు ఏది బయటికి వెళ్ళినా దాని మీద ఎర్ర సిరాతో 'చెల్లదు' అని ముద్ర వెయ్యాలని మా ఆఫీసులో కచ్చితమైన నియమం. ముద్ర నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. వెయ్యలేదు. చుట్ట చుట్టి, దారం కట్టి, రెండు చేతులతో ఇచ్చాను.